ఎర్రబస్సు వెనక చరిత్ర

“ఎర్రబస్సు దిగొచ్చాడు” అన్న మాట మన పట్నాల్లో ఒక ఎగతాళి. లోకజ్ఞానం లేనివాడు, పల్లెటూరి బైతు అని దాని అర్థం. ఈ ఎగతాళిలోనే ఒక చారిత్రక వాస్తవం దాగివుంది. పల్లెమనిషికి పట్నం గడప తొక్కే సాధనం చాలాకాలంపాటు ప్రభుత్వ బస్సు ఒక్కటే. ఆసుపత్రికి, కోర్టుకు, కాలేజీకి, కూలికి, చివరకు పోలీసు స్టేషనుకు పోవాలన్నా ఆ బస్సే దిక్కు. అయితే ఆ బస్సు ఆ ఊరికి ఎలా వచ్చింది, ఎవరు తెచ్చారు, ఏ లెక్క ప్రకారం వచ్చింది, ఏ లెక్క ప్రకారం మళ్ళీ మాయమవుతున్నది అన్న ప్రశ్నలను మన చరిత్రకారులు పెద్దగా పట్టించుకోలేదు. రాజుల దండయాత్రల దారులను గురించి గ్రంథాలున్నాయి. రాయలవారి సేనలు ఏ కనుమ దాటాయో మనకు తెలుసు. చివరి ట్రిప్పు బస్సు తప్పిపోతే పది మైళ్ళు నడిచిన మనిషికి మాత్రం చరిత్రలో చోటు లేదు.

పల్లె రవాణా చరిత్ర అంటే వాహనాల చరిత్ర కాదు, లెక్కల చరిత్ర అని ఈ వ్యాసం వాదన. ఎవరి అవసరం ఖాతాలోకి ఎక్కింది, ఎవరి అవసరం ఖాతా బయట మిగిలిపోయింది అన్నదే ప్రతి దశలోనూ అసలు విషయం.

1

వలసపాలన మన దేశానికి రోడ్లు, రైళ్ళు ఇచ్చిందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఇచ్చిన మాట నిజమే. ఎవరి సొమ్ముతో, ఎవరి శ్రమతో, ఎవరికోసం అన్నది అవి చెప్పవు.

నిజాం రాజ్యంలో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలుమార్గం 1874లో వచ్చింది. దానికి పెట్టుబడి నిజాం ఖజానాది. ఆ మార్గాన్ని బెజవాడ వైపు, చాందా వైపు పొడిగించే పథకం 1883లో ముందుకొచ్చింది. లండన్‌లో ఒక కంపెనీ పెట్టి, దాని వాటాదారులకు 20 సంవత్సరాలపాటు నూటికి 5 చొప్పున వడ్డీని రాజ్యమే హామీ పడాలన్నది ఆ ఒప్పందంలోని ముఖ్యమైన అంశం. రైలు నష్టంలో నడిచినా వాటాదారు నష్టపోడు. లోటును రైతు కట్టే శిస్తులోనుంచి పూడుస్తారు. ఈ ఒప్పందం వివరాలను ప్రజల ముందు పెట్టమని అడిగినందుకు అఘోరనాథ చటోపాధ్యాయను అదే ఏడాది హైదరాబాదు నుంచి వెళ్ళగొట్టారు. ముల్లా అబ్దుల్ ఖయ్యూం ఆ ఆందోళనలో ఆయన వెంట నిలిచిన మరో ప్రముఖుడు. హైదరాబాదు రాజ్యంలో ఆధునిక అర్థంలో తొలి ప్రజాందోళనల్లో ఒకటి రవాణా ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్న మీదనే రావడం గుర్తుంచుకోదగ్గ విషయం. రైలు 1889లో బెజవాడ చేరింది. అది సింగరేణి బొగ్గు మోసింది. పక్కనున్న పల్లెల మనుషులు మాత్రం పట్టాల పక్కన నడుస్తూనే ఉన్నారు.

గోదావరి డెల్టాలో కథ కొంత వేరు. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. సర్ ఆర్థర్ కాటన్ కాలువలను సాగుకే కాక పడవల ప్రయాణానికి కూడా పనికివచ్చేటట్టు తవ్వించాడు. రైళ్ళకంటే జలమార్గాలే ఈ దేశానికి చౌక అని జీవితమంతా వాదించాడు. ఆ వాదన నెగ్గలేదు. రైళ్ళ వెనక ఇనుము వ్యాపారులు, హామీ వడ్డీలకు అలవాటుపడిన వాటాదారులు ఉన్నారు. పడవ వెనక సరంగు, కాలువగట్టున పడవను తాడుతో లాగే కూలి తప్ప ఎవరూ లేరు. అయినా డెల్టా పల్లెల్లో ఇరవయ్యో శతాబ్దం నడుమ దాకా పడవే పేదవాడి బండి.

మన్యంలో జరిగింది మరీ దారుణం. నర్సీపట్నం వైపు నుంచి గూడెం కొండలమీదికి రోడ్లు వేయించేటప్పుడు గిరిజనులతో చాకిరీ చేయించుకుని కూలి సరిగా ఇవ్వకపోవడం, ఆ పనులు చూసిన డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ దాష్టీకం, 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన మొదలైన తిరుగుబాటుకు దగ్గరి కారణాల్లో ఉన్నాయి. పోలీసులూ కలప వ్యాపారులూ కొండెక్కడానికి ఆ రోడ్డు కావలసివచ్చింది. దానిని వేసినవాడి మనుమలు ఈనాటికీ రోడ్డులేని గూడేల నుంచి నిండు గర్భిణులను డోలీ కట్టి మోసుకొస్తున్న వార్తలు పత్రికల్లో చూస్తున్నాం. నూరేళ్ళ తరువాత కూడా భుజమే వాహనమైన చోటు మన రాష్ట్రంలో ఉంది.

తెలంగాణ పల్లెల్లో వెట్టి కూడా ఒక రవాణా వ్యవస్థే. అధికారి ఊరికి వస్తే అతని సామాను తరువాతి ఊరిదాకా మోయడం, దొర సవారీని మోయడం, అతని బండి ముందు పరుగెత్తడం, రైతు ఎడ్లబండిని పైసా కిరాయి లేకుండా అప్పగించడం, ఇవన్నీ వెట్టిలో భాగాలు. బస్సు రాకముందు పల్లెలో రవాణా లేదనడం తప్పు. రవాణా ఉంది. కిందివాడు మోసేవాడు, పైవాడు ఎక్కేవాడు.

2

ఎక్కే హక్కు ఎవరికి అన్నది దీనికి జోడయిన ప్రశ్న. దీనికి మన కళ్ళు తెరిపించే సాక్ష్యం బొంబాయి రాష్ట్రం నుంచి దొరుకుతుంది. డాక్టర్ అంబేద్కర్ తన అనుభవాలు రాసుకున్న “వెయిటింగ్ ఫర్ ఎ వీసా” అనే చిన్న రచనలో 1901 నాటి సంగతి ఒకటి ఉంది. తొమ్మిదేళ్ళ పిల్లవాడుగా ఆయన తోటి పిల్లలతో కలిసి తండ్రి ఉద్యోగం చేస్తున్న ఊరికి పోవడానికి మసూర్ రైల్వే స్టేషన్‌లో దిగాడు. మహర్ పిల్లలని తెలియగానే ఒక్క బండివాడూ ఎక్కించుకోనన్నాడు. చివరకు రెట్టింపు కిరాయి ఇచ్చి, పిల్లలే బండి తోలుకునేటట్టూ, బండివాడు పక్కన నడిచేటట్టూ ఒప్పందం కుదిరింది. 1929లో, అప్పటికే బారిస్టరై పేరు పొందిన తరువాత, చాలీస్‌గాఁవ్‌లో టాంగావాళ్ళు ఆయనను ఎక్కించుకుని తోలమన్నారు. అలవాటు లేని మనిషి తోలిన టాంగా బోల్తాపడి ఆయన గాయపడ్డాడు.

రైలు ఆయనను ఊరి దగ్గరిదాకా తెచ్చింది. ఆ చివరి కొద్ది మైళ్ళలోనే కులం దారికి అడ్డం నిలిచింది. టిక్కెట్టు కొన్నవాడిని దించడానికి రైల్వే గార్డుకు అధికారం లేదు. బండి సొంతదారుకు మాత్రం ఎవరిని ఎక్కించుకోవాలో నిర్ణయించే అధికారం ఉంది. సొంతదారు దయకు, ప్రజా రవాణాకు ఉన్న తేడా ఇదే. మన పల్లెల్లో బస్సు వచ్చాక కులం పోలేదు. పెద్దకులంవాడు ఎక్కితే లేచి సీటివ్వవలసిన దుస్థితి చాలాచోట్ల కొనసాగింది. కాని ఒకే ధర టిక్కెట్టు కొన్న ఇద్దరు పక్కపక్కన కూర్చోవచ్చునన్న సూత్రం ఊరిలోకి వచ్చింది. ఊరిబావి దగ్గర లేని సూత్రం, గుడి దగ్గర లేని సూత్రం, ఎర్రబస్సులో ఉంది. దాన్ని అమలు చేయించుకోవడానికి దెబ్బలు తిన్నవాళ్ళున్నారు. కాని కొట్లాడటానికి చేతిలో ఒక కాగితం ముక్క దొరికింది.

3

హైదరాబాదు రాజ్యంలో ప్రభుత్వ బస్సు పుట్టింది ప్రజల కష్టం చూసి కాదు. రైల్వేను నిజాం ప్రభుత్వం 1930లో కంపెనీ నుంచి కొనుక్కుంది. అప్పటికే మోటారు బస్సులు రైలు రాబడికి గండికొట్టడం దేశమంతటా పాలకులను కలవరపెడుతున్నది. రోడ్డుమీద పోటీని తన చేతిలోకే తీసుకుంటే సరిపోతుందన్న వ్యాపార బుద్ధితో నిజాం స్టేట్ రైల్వే 1932 జూన్‌లో 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా శాఖను తెరిచింది. మన ఆర్టీసీ బస్సుల నెంబర్లలో కనిపించే ‘జడ్’ అక్షరం నిజాం తల్లి జహరా బేగం పేరు మీద పెట్టిందని చెప్పుకుంటారు. ఉద్దేశం ఏదైనా ఫలితం ఒకటి మిగిలింది. రోడ్డు రవాణా ప్రభుత్వం చేయగలిగిన పని, చేయవలసిన పని అన్న ఆచారం ఇక్కడ ముందే స్థిరపడింది. ఈ శాఖ 1951 నవంబరులో హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వం కిందికి వచ్చింది.

అటు మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాల్లో బస్సు పూర్తిగా ప్రైవేటు యజమానుల చేతిలో ఉంది. డెల్టా వ్యవసాయంలో మిగిలిన డబ్బు రైసుమిల్లులకూ, సినిమాహాళ్ళకూ పోయినట్టే బస్సులకూ పోయింది. 1939 మోటారు వాహనాల చట్టం స్టేజి క్యారేజి పర్మిట్ల పద్ధతి తెచ్చింది. రైల్వేల రాబడిని కాపాడటం ఆ చట్టం ఉద్దేశాల్లో ఒకటి. ప్రయాణికుడికి దానివల్ల కొంత క్రమం దొరికింది. కాని పర్మిట్టు అన్నది ఒక ఆస్తి అయిపోయింది. పలుకుబడి ఉన్నవాడి చేతిలో చిన్న జమీందారీ అయింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలు రేషను పెట్టినప్పుడు వెనకాల బొగ్గుపొయ్యి తగిలించుకుని నడిచిన బొగ్గు బస్సులను ఆ తరంవాళ్ళు చాలాకాలం చెప్పుకున్నారు. యజమాని బస్సు జనం నిండితే కదిలేది, నిండకపోతే ఆగిపోయేది. తారురోడ్డు మీద రెండు బస్సులు పోటీపడి పరుగెత్తేవి. మట్టిరోడ్డున్న ఊరికి ఒక్కటీ రాదు. యజమాని చెడ్డవాడయినందువల్ల కాదు. అతని లెక్కలో ఆ ఊరు లేకపోవడంవల్ల.

4

రోడ్డు రవాణా సంస్థల చట్టం 1950లో వచ్చింది. మోటారు వాహనాల చట్టానికి 1956లో చేసిన సవరణ, ప్రభుత్వ సంస్థ ఒక ప్రాంతాన్నో రూటునో పూర్తిగా తీసుకోవడానికి దారి చేసింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. వెంటనే కృష్ణా జిల్లా బస్సు రూట్ల జాతీయీకరణ మొదలయింది. యజమానులు సుప్రీంకోర్టుదాకా పోయారు. అభ్యంతరాలు విన్నది రవాణా శాఖ కార్యదర్శి, నిర్ణయించింది ముఖ్యమంత్రి. ఒకరు విని మరొకరు తీర్పుచెప్పడం న్యాయవిచారణ కాదని 1958లో గుళ్ళపల్లి నాగేశ్వరరావు కేసులో కోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. ముఖ్యమంత్రి స్వయంగా విన్న తరువాత 1959లో అదే పథకం నిలబడింది. న్యాయశాస్త్ర విద్యార్థులు ఈ కేసును సహజ న్యాయసూత్రాల కోసం చదువుతారు. దీని వెనక ఒక జిల్లా జనం ఏ బస్సు ఎక్కాలన్న తగాదా ఉందన్నది మరచిపోతుంటారు.

కర్నూలు జిల్లా రూట్ల విషయంలో 1964లో మరో తీర్పు వచ్చింది. రాజకీయ ప్రత్యర్థుల బస్సులను దెబ్బతీయడానికే ఆ ప్రాంతాన్ని ముందుగా ఎంచుకున్నారన్న ఆరోపణకు ముఖ్యమంత్రి ప్రమాణపత్రంతో జవాబు చెప్పలేదు గనుక దానిని తోసిపుచ్చలేమని సుప్రీంకోర్టు భావించింది. నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు. బస్సు రూట్లమీద ఒక ప్రభుత్వాధినేత పదవి వదులుకున్న ఘటన ఇది.

ఈ రెండు కేసుల నుంచి మనం నేర్చుకోవలసిన పాఠం ఒకటుంది. కోర్టు గుమ్మం ఎక్కింది యజమానులు, ప్రభుత్వం. ప్రయాణికుడు ఏ పక్షానా వాది కాడు, ప్రతివాది కాడు. జాతీయీకరణ అన్న మంచిపని జనాన్ని కూడగట్టి కాక, సచివాలయం నుంచి ఉత్తర్వుగా వచ్చింది. పాలకవర్గంలోని ముఠాతగాదాలు దానిలో కలిశాయి. జనం తెచ్చుకున్నది కాని వస్తువును జనం చేతిలోంచి తీసుకోవడం కూడా తేలిక అని తరువాతి చరిత్ర రుజువు చేసింది.

అయినా ఆ సంస్థ చేసిన పని చిన్నది కాదు. జిల్లా తరువాత జిల్లాగా రూట్లు చేతికొచ్చాయి, డిపోలు లేచాయి, తారురోడ్డు విడిచి మట్టిరోడ్డులోకి బస్సు దిగింది. రాత్రి ఊళ్ళోనే ఆగి తెల్లవారుజామున బయలుదేరే నైట్‌హాల్ట్ బస్సు పల్లెల కాలాన్నే మార్చింది. పాలక్యాను, కూరగాయల గంప, కాలేజీ కుర్రవాడు, వాయిదాకు పోయే ముద్దాయి, పురిటికి పోయే ఆడపడుచు అందరూ దానిలోనే. ఊరివాళ్ళు పెట్టిన అన్నం తిని బస్సులోనే పడుకున్న డ్రైవరూ కండక్టరూ ఆ ఊరి బంధువులయ్యారు. తరువాతి కాలంలో ఈ బస్సులకు పల్లెవెలుగు అని పేరు పెట్టారు. 1999లో ఈ సంస్థ ప్రపంచంలోకెల్లా ఎక్కువ బస్సులున్న సంస్థగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది.

5

మట్టిరోడ్డు బస్సు ఎలా నడిచింది? దాని లెక్క చాలా సులువైనది. దూరప్రాంతాల ఎక్స్‌ప్రెస్‌లో మిగిలిన డబ్బుతో పల్లె బస్సు నష్టాన్ని పూడ్చేవారు. హైదరాబాదుకు రాత్రి బస్సులో పోయే ఉద్యోగి, తనకు తెలియకుండానే ఒక మారుమూల ఊరి పిల్లను హైస్కూలుకు పంపేవాడు. ఒకే సంస్థ చేతిలో రెండు రకాల రూట్లూ ఉంటేనే ఇది సాధ్యం. జాతీయీకరణకు అసలు అర్థం ఇదే.

ఈ లెక్కను విడగొట్టడం ఎలాగో కూడా చరిత్రలో ఉంది. 1963లో బ్రిటన్‌లో రైల్వే బోర్డు అధ్యక్షుడు బీచింగ్ ఒక నివేదిక ఇచ్చాడు. ఒక్కొక్క లైనుకూ విడివిడిగా ఖర్చు, రాబడి లెక్కకట్టి 2,363 స్టేషన్లు, సుమారు 5,000 మైళ్ళ మార్గం మూసివేయమన్నాడు. పల్లె లైను తెచ్చి పెద్ద లైనుకు అప్పగించే ప్రయాణికుడిని ఆ లెక్క సరిగా పట్టించుకోలేదు. కొమ్మలు కొట్టేస్తే మొదలు బలుస్తుందనుకున్నారు. రైళ్ళకు బదులుగా వేసిన బస్సుల్లో చాలామటుకు కొద్ది ఏళ్ళలోనే ఆగిపోయాయి. కారు లేని ముసలివాళ్ళు పల్లెల్లో చిక్కుకుపోయారు.

మన డిపోల్లో ఇదే లెక్క ‘ఇ.పి.కె.’, ‘ఓ.ఆర్.’ అన్న పేర్లతో వచ్చింది. మొదటిది కిలోమీటరుకు రాబడి. రెండోది నిండిన సీట్ల శాతం. సంస్థను నడపడానికి ఈ అంకెలు కావలసినవే. కాని రూటు ఉండాలా పోవాలా అన్నది ఈ రెండంకెలే తేల్చేటప్పుడు చివరి ఊరు ఎప్పుడూ ఓడిపోతుంది. ముందు మధ్యాహ్నపు ట్రిప్పు తీసేస్తారు. వెళ్ళినవాడికి తిరిగివచ్చే నమ్మకం పోతుంది, అతడు ఉదయపు ట్రిప్పూ ఎక్కడు. ఓ.ఆర్. ఇంకా పడిపోతుంది. అప్పుడు జనం లేరు కాబట్టి బస్సు తీసేశామంటారు. బస్సు తీసేసినందువల్ల జనం లేరన్న సంగతి కాగితం మీద కనపడదు.

6

1988 మోటారు వాహనాల చట్టం పర్మిట్ల విషయంలో ఉదారంగా మారింది. ఆర్థిక సరళీకరణ తరువాత లాభాల రూట్లలో కాంట్రాక్టు క్యారేజి పర్మిట్లతో ప్రైవేటు బస్సులు స్టేజి క్యారేజీల్లాగే టిక్కెట్లమ్ముకుని తిరగసాగాయి. ఎక్స్‌ప్రెస్ మిగులును అవి తన్నుకుపోయాయి. పల్లె నష్టం సంస్థకు మిగిలింది. బస్సు పాసుల రాయితీ సొమ్ము ప్రభుత్వం సకాలంలో పూర్తిగా చెల్లించదనీ, పైగా డీజిలు మీద, వాహనం మీద పన్ను వసూలు చేస్తుందనీ కార్మికులు ఎన్నోసార్లు ఎత్తిచూపారు. బస్సు తగ్గిన ఊళ్ళలోకి జీపులూ ఆటోలూ వచ్చాయి. ముగ్గురెక్కవలసిన బండిలో పదిమంది; మిరపకోతకు పోయే కూలి ఆడవాళ్ళు డ్రైవరు సీటుకు అటూ ఇటూ. ఆటో తోలేవాడూ పొలం పోగొట్టుకున్నవాడే, వాయిదాల అప్పులో ఉన్నవాడే. అతన్ని తిట్టి ప్రయోజనం లేదు. ప్రభుత్వం వదిలేసిన బాధ్యతను అతడు ప్రాణం పణంగా మోస్తున్నాడు.

ఈ దశకు పరాకాష్ఠ 2018 సెప్టెంబరు 11. జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్‌రోడ్డు మీద సామర్థ్యాన్ని మించి జనాన్ని ఎక్కించుకున్న ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. చుట్టుపక్కల పల్లెల మనుషులు, అందులోనూ ఎక్కువమంది ఆడవాళ్ళు. ఆ బస్సులో అంతమంది ఎందుకు ఎక్కారన్న ప్రశ్నకు జవాబు ఆ ఘాట్‌రోడ్డు మలుపులో లేదు, బస్సుల సంఖ్యను తగ్గించుకుంటూ వచ్చిన విధానంలో ఉంది.

మరుసటి సంవత్సరం, 2019 అక్టోబరు 5న, తెలంగాణ ఆర్టీసీ కార్మికులు సుమారు 48,000 మంది సమ్మెకు దిగారు. సంస్థను ప్రభుత్వంలో విలీనం చేయాలన్నది ముఖ్యమైన కోరిక. సమ్మె చేసినవాళ్ళు తమను తామే ఉద్యోగంలోంచి తీసేసుకున్నట్టని ముఖ్యమంత్రి అన్నారు. 5,100 రూట్లను ప్రైవేటువారికి ఇవ్వాలని మంత్రివర్గం తీర్మానించింది. ఉద్యోగం పోయిందన్న బెంగతో కార్మికులు ఆత్మహత్యలు చేసుకున్నారు. నవంబరు 25న సంఘాలు సమ్మె విరమించాయి. అటు ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వోద్యోగులయ్యారు. విలీన బిల్లును తెలంగాణ శాసనసభ 2023 ఆగస్టులో ఆమోదించింది. సమ్మెను ఓడిపోయిందన్నవాళ్ళు ఈ క్రమాన్ని చూడాలి. కోరిక న్యాయమైనదని పాలకులే కొద్దికాలానికి ఒప్పుకోక తప్పలేదు.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. దీనిని ఎన్నికల తాయిలంగా కొట్టిపారేయడం తేలిక. కూలికి పోయే మనిషి రోజు సంపాదనలో దారిఖర్చు ఎంత తినేసేదో తెలిసినవారు అలా అనరు. మొగుడినో కొడుకునో చార్జీ డబ్బులు అడగకుండా గడప దాటగలగడం ఆడదాని జీవితంలో చిన్న మార్పు కాదు. అయితే బస్సులు పెంచకుండా టిక్కెట్టు మాత్రం రద్దు చేస్తే ఉన్న బస్సులు కిక్కిరిసిపోతాయి, ఆ తిట్లన్నీ కండక్టరు తలమీద పడతాయి, ఆటోవాడి పొట్ట కొట్టినట్టవుతుంది. ఇక బస్సే రాని ఊరి ఆడదానికి ఉచిత ప్రయాణం ఒక వార్త మాత్రమే. హక్కు టిక్కెట్టులో లేదు, బస్సులో ఉంది.

7

ఈ చరిత్రను కలిపి చూస్తే ఏమి తేలుతున్నది? రైల్వే కంపెనీకి నష్టం వస్తుందేమోనని శిస్తు సొమ్మును హామీ పెట్టినప్పుడు దానిని ఎవరూ ‘ఉచితం’ అనలేదు. పల్లె బస్సుకు ఖజానా నుంచి ఇవ్వమన్నప్పుడు మాత్రం నష్టం, భారం, దుబారా అన్న మాటలు పుట్టుకొస్తాయి. లెక్కపుస్తకం అదే. కలం పట్టుకున్న చేతిని బట్టి పద్దు పేరు మారుతుంది.

అందువల్ల పల్లెల తరఫున అడగవలసింది స్పష్టంగానే ఉంది. రూటువారీ రాబడి లెక్కతోపాటు ఊరివారీ అవసరాల లెక్క కూడా కట్టాలి: బడి వేళకు బస్సు ఉందా, ఆసుపత్రి వేళకు ఉందా, చీకటి పడ్డాక తిరిగివచ్చే ట్రిప్పు ఉందా అని. ట్రిప్పు తీసేసే ముందు ఆ ఊరి గ్రామసభను అడగాలి. కృష్ణా, కర్నూలు కేసుల్లో బస్సు యజమానికి దక్కిన వాదన వినిపించుకునే హక్కు ఆ బస్సు ఎక్కేవాడికి కూడా దక్కాలి. ఉచిత ప్రయాణం సొమ్ము ప్రభుత్వం నెలనెలా సంస్థకు కట్టాలి, ఆ మేరకు కొత్త బస్సులు రావాలి. పెద్ద బస్సు తిరగలేని చోట చిన్న బస్సు, అదీ పోలేని చోట ఆటోవాళ్ళనే వేళల ప్రకారం, నిర్ణీత కిరాయికి, బస్సుతో కలిపి నడిపే ఏర్పాటు కావాలి. డోలీ కట్టే గూడేలకు ముందుగా రోడ్డు వేయాలి. ఆ రోడ్డు బాకీ వాళ్ళకు నూరేళ్ళ నుంచి ఉంది.

రచయితలు చేయవలసిన పని కూడా ఒకటుంది. మన కథల్లో రైలుకు దొరికిన చోటు ఎర్రబస్సుకు దొరకలేదు. నైట్‌హాల్ట్ డ్రైవరు, చిల్లర కోసం తిట్లు తినే కండక్టరు, చివరి బస్సు తప్పిపోయి స్టేజీలో కూర్చున్న తల్లీకూతుళ్ళు, ఓ.ఆర్. పడిపోయి మాయమైన ట్రిప్పు, ఇవన్నీ ఇంకా రాయని చరిత్ర. డిపోలో ఆ చరిత్ర అంకెలుగా ఉంది. ఊళ్ళో మనుషుల నోట మాటలుగా ఉంది. ఆ మాటలు చెప్పగల ముసలివాళ్ళు ఉండగానే వాటిని రాసిపెట్టుకోవాలి.